నలభై నిమిషాలు నడిపితే బండి ఆగిపోతోంది, షోరూంలో నాలుగుసార్లు చూపించినా తేలలేదు

ఖమ్మం రైడర్ (ఆదివారం రాత్రి)

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

బండి తీసుకుని 11 నెలలైంది. 250 సీసీ, ఫ్యూయల్ ఇంజెక్షన్, 9,400 కిలోమీటర్లు తిరిగింది. వ్యవహారం ఇంకా తేలలేదు కాబట్టి కంపెనీ పేరూ షోరూం పేరూ రాయను. మొదటి ఎనిమిది నెలలు బండి బంగారంలా నడిచింది. ఆ తర్వాత మొదలైంది ఈ సమస్య.

ఖమ్మం నుంచి సూర్యాపేట వైపు వెళ్తుంటే, కూసుమంచి దాటి కాసేపు అయ్యాక, పెట్రోల్ అయిపోయినట్టు ఇంజన్ లాగడం మానేస్తుంది. రెండు మూడుసార్లు మిస్సింగ్ కొట్టి (ఇంజన్ తడబడి) ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతుంది కానీ అందుకోదు. పది పదిహేను నిమిషాలు పక్కన పెట్టి మళ్ళీ కొడితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఊళ్ళో తిరిగినప్పుడు ఒక్కసారి కూడా ఇలా కాలేదు.

షోరూంలో ఇప్పటికి నాలుగుసార్లు చూపించాను.

మొదటిసారి త్రాటిల్ బాడీ (ఇంజన్‌కి గాలి అందించే భాగం) క్లీన్ చేశామని 650 రూపాయలు తీసుకున్నారు. రెండోసారి స్పార్క్ ప్లగ్ మార్చి 380 తీసుకున్నారు. మూడోసారి ఆరు రోజులు ఉంచుకుని, "లాంగ్ టెస్ట్ రైడ్ చేశాం సార్, ప్రాబ్లం రాలేదు" అన్నారు. ఇచ్చేటప్పుడు నేను మీటర్ ఫోటో తీసుకున్నాను. తెచ్చుకునేటప్పుడు చూస్తే 3 కిలోమీటర్లు పెరిగింది. నాలుగోసారి, అంటే మొన్న శుక్రవారం, ఫ్యూయల్ పంప్ పోయిందన్నారు. కల్తీ పెట్రోల్ వల్ల పోయింది కాబట్టి వారంటీ రాదు, 7,800 అవుతుందన్నారు. ఆ మాట కాగితం మీద రాసివ్వమంటే ఇవ్వలేదు.

డబ్బు సంగతి అలా ఉంచండి. పోయిన నెల మా ఆవిడ వెనక కూర్చుని ఉండగా బండి ఇలాగే ఆగింది. వెనక లారీ వస్తోంది. హారన్ కొడుతూ పక్కకి కోసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి తను బండి ఎక్కనంటోంది, తన భయంలో తప్పు లేదు. ఏం చేయాలో చెప్పండి.

కడప బుల్లోడు (ఆదివారం రాత్రి)

అన్నా, బయట మంచి మెకానిక్ దగ్గర ఇచ్చేయ్. షోరూం వాళ్ళు విడిభాగాలు మార్చడమే కానీ రోగం పట్టుకోరు.

సర్వీస్ డెస్క్ (ఆదివారం రాత్రి)

దయచేసి ఆ పని చేయకండి. వారంటీలో ఉన్న బండికి బయట ట్యాంకు విప్పితే, తర్వాత ఏం జరిగినా "బయట చేయించారు" అనే ఒక్క మాటతో క్లెయిమ్ తిరస్కరిస్తారు. నేను ఒక షోరూంలో సర్వీస్ అడ్వైజర్‌గా చేస్తున్నాను (మీ ఊరు కాదు, మీ కంపెనీ కూడా కాదు). రేపు వివరంగా రాస్తాను.

ఆటోనగర్ పాతకాపు (సోమవారం ఉదయం)

తమ్ముడూ, పంప్ మార్చడానికి ఇప్పుడే ఒప్పుకోవద్దు. విజయవాడ ఆటోనగర్‌లో 31 ఏళ్ళు బళ్ళు విప్పాను, ఇప్పుడు కళ్ళు సహకరించక మానేశాను. నాకు నాలుగు విషయాలు కావాలి.

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు త్వరగా ఆగుతోందా, సగం ఉన్నప్పుడా? ఆగినప్పుడు మీటర్లో ఇంజన్ లైటు వెలుగుతోందా? హ్యాండిల్ తిప్పినప్పుడు ఆగుతోందా, తిన్నగా వెళ్తున్నప్పుడా? సమస్య మొదలవడానికి ముందు బండికి ఏం పని జరిగింది?

చివరి ప్రశ్నకి బాగా ఆలోచించి చెప్పు. చాలా రోగాలకి మూలం అక్కడే దొరుకుతుంది.

ఖమ్మం రైడర్ (సోమవారం మధ్యాహ్నం)

గురువుగారూ, మీరు అడిగాక డైరీ తీసి చూశాను. పెట్రోల్ కొట్టించిన రోజులన్నీ రాసుకునే అలవాటు ఉంది.

ఆగిన ఏడు సార్లలో ఐదుసార్లు ఫుల్ ట్యాంక్ కొట్టించిన రోజే! ఇప్పటిదాకా ఈ సంగతి నాకే తట్టలేదు. సగం ట్యాంకుతో రెండుసార్లు ఆగింది, అది కూడా గంట దాటాక. ఇంజన్ లైటు ఎప్పుడూ వెలగలేదు. తిన్నగా, 70–80 స్పీడులో వెళ్తున్నప్పుడే ఆగుతోంది, హ్యాండిల్‌కి సంబంధం లేదు.

ముందు జరిగిన పని అంటే మూడో ఫ్రీ సర్వీసు. 6,800 దగ్గర చేయించాను. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ మార్చారు, చెయిన్ శుభ్రం చేశారు. అది అయిన పది రోజులకి మొదటిసారి ఆగింది.

ఆటోనగర్ పాతకాపు (సోమవారం సాయంత్రం)

నువ్వు డైరీ రాయడం మంచిదైంది. నా అనుమానం పంప్ మీద కాదు, ట్యాంకుకి గాలి అందడం లేదని.

ట్యాంకులోంచి పెట్రోల్ బయటికి పోయిన కొద్దీ దాని స్థానంలోకి గాలి లోపలికి రావాలి. రాకపోతే ట్యాంకులో వాక్యూమ్ పెరుగుతుంది. పంప్ ఒక పక్క తోస్తుంటే వాక్యూమ్ ఇంకో పక్క వెనక్కి లాగుతుంది. ఒక దశ దాటాక ఇంజన్‌కి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్‌కి ప్రెషర్ చాలదు, బండి మిస్సింగ్ కొట్టి ఆగుతుంది. పదిహేను నిమిషాలు ఆగితే ఎక్కడో సన్న సందులోంచి గాలి మెల్లగా చేరుతుంది, మళ్ళీ స్టార్ట్ అవుతుంది. ట్యాంకు నిండా ఉంటే పైన గాలి ఉండే చోటు తక్కువ. అంచేత కొంచెం పెట్రోల్ ఖర్చయినా వాక్యూమ్ గబగబా పెరుగుతుంది. నువ్వు చెప్పిన ఐదు ఫుల్ ట్యాంకుల లెక్క దీనితో సరిపోతోంది.

పంప్ పోతే ట్యాంకు నిండా ఉందా సగం ఉందా అనే తేడా ఇంత కచ్చితంగా కనపడదు. వైరింగ్ రాపిడి అయితే హ్యాండిల్ తిప్పినప్పుడో గుంతలో పడ్డప్పుడో ఆగుతుంది.

పాత బళ్ళకి ట్యాంకు మూతలోనే చిన్న బెజ్జం ఉండేది, గాలి అందులోంచే వెళ్ళేది. మట్టి పట్టి అది మూసుకుపోతే అప్పట్లోనూ బండి ఇలాగే ఆగేది, పిన్నీసుతో పొడిస్తే సరి. బీఎస్ 4 కాలుష్య ప్రమాణాలు వచ్చాక పెట్రోల్ ఆవిరి బయటికి పోకూడదనే నిబంధన టూవీలర్లకీ పెట్టారు. అందుకని ఇప్పుడు ట్యాంకు గాలి ఒక రబ్బరు గొట్టం ద్వారా బొగ్గు నింపిన క్యానిస్టర్‌కి (చిన్న డబ్బాకి) వెళ్తుంది, బయటి గాలి లోపలికి రావాలన్నా అదే దారి. చాలా మోడల్స్‌లో ఆ గొట్టం ట్యాంకు కింద నుంచే పోతుంది. ఎయిర్ ఫిల్టర్ మార్చడానికి ట్యాంకు ఎత్తి, తిరిగి దించేటప్పుడు ఆ గొట్టం ఫ్రేముకీ ట్యాంకుకీ మధ్య నలిగిపోవచ్చు. మీ బండికి ఎయిర్ ఫిల్టర్ ఎక్కడుందో నాకు తెలియదు, మాన్యువల్ చూడు.

పరీక్ష చాలా సులువు. ఫుల్ ట్యాంక్ కొట్టించి ఎప్పటి దారిలోనే వెళ్ళు, వెనక ఎవరినీ ఎక్కించుకోకు, ఎడమ అంచునే నడుపు. మిస్సింగ్ మొదలవగానే రోడ్డు పూర్తిగా దిగి ఆపు. అప్పుడు మూత తెరువు. "స్‌స్‌స్" అని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చి, వెంటనే సెల్ఫ్‌కి స్టార్ట్ అయితే నా మాట నిజం. చప్పుడు రాకపోతే నేను తప్పు, వేరేది వెతుకుదాం. మూత తెరిచినప్పుడు దగ్గర్లో బీడీ, సిగరెట్ ఉండకూడదు. ఫోన్‌లో వీడియో తీయి. మూత తెరిచిపెట్టి మాత్రం బండి నడపకు.

సర్వీస్ డెస్క్ (సోమవారం రాత్రి)

పాతకాపు గారు చెప్పినది చదివాక మా టెక్నీషియన్లకి కూడా చూపించాను. ఇక షోరూం లోపల ఏం జరుగుతుందో చెప్తాను. సమర్థించడానికి కాదు, మీకు పనికొస్తుందని.

ఉదయం తొమ్మిదికి బళ్ళు వరసకడతాయి. సాయంత్రం ఆరింటికి అన్నీ ఇచ్చేయాలి. ఒక్కో టెక్నీషియన్ చేతిలో ఎన్ని బళ్ళుంటే అన్నీ ఆ రోజే అవ్వాలి. నలభై నిమిషాలు నడిపితే తప్ప కనపడని లోపం వెతకడానికి అతనికి సమయం ఎవరూ ఇవ్వరు. అందుకే మీ మీటర్లో 3 కిలోమీటర్లే పెరిగింది. నాకు ఆశ్చర్యం కలగలేదు, సిగ్గుగా అనిపించింది.

వారంటీ పనికి కంపెనీ డీలర్‌కి ఇచ్చే లేబర్, కస్టమర్ దగ్గర తీసుకునే దానికంటే తక్కువ. పాత పార్టు కంపెనీకి చూపించాలి, ఫోటోలు పెట్టాలి, వాళ్ళు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ ఖర్చు డీలర్ మీద పడుతుంది. కౌంటర్ దగ్గర "వారంటీ రాదు" అనే మాట తొందరగా రావడానికి ఇది ఒక కారణం. ఆ మాట చెప్పాల్సింది నిజానికి కంపెనీ. అంచేత "క్లెయిమ్ పెట్టారా? నంబర్ ఇవ్వండి, కంపెనీ తిరస్కరిస్తే ఆ మెయిల్ చూపించండి" అని అడగండి.

జాబ్ కార్డ్ (బండి ఇచ్చేటప్పుడు మన ఫిర్యాదు రాసే కాగితం) మీద అడ్వైజర్ "జనరల్ చెకప్", "స్టార్టింగ్ ప్రాబ్లం" అని రాసేస్తాడు. సంతకం పెట్టకండి. మీ మాటల్లో రాయించండి: "ఫుల్ ట్యాంకుతో 40 నిమిషాలు 70–80 స్పీడులో నడిపితే ఇంజన్ ఆగుతోంది, 15 నిమిషాల తర్వాత స్టార్ట్ అవుతోంది." ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ మీటర్ రీడింగ్ రాయించండి. డబ్బులు కట్టి పార్టు మార్పిస్తే పాత పార్టు మీదే, అడిగి తీసుకోండి.

ఒక మాట మా వైపు నుంచి కూడా. బయట ఫాగ్ లైట్లు, పెద్ద హారన్లు పెట్టించి, వైరింగ్ కోసి టేపు చుట్టి తెచ్చేవాళ్ళు రోజూ వస్తారు. ఆ బళ్ళకి ఎలక్ట్రికల్ వారంటీ అడిగితే మేం మాత్రం ఏం చేయగలం? ఖమ్మం రైడర్ గారూ, మీ బండికి అలాంటివేమైనా ఉన్నాయా?

ఖమ్మం రైడర్ (సోమవారం రాత్రి)

లేవండి. మొబైల్ హోల్డర్ ఒక్కటే, అది కూడా చార్జర్ లేనిది.

కూకట్‌పల్లి రైడర్ (మంగళవారం ఉదయం)

సర్వీస్ డెస్క్ గారు రాసిన జాబ్ కార్డ్ సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. నా అనుభవం కూడా చెప్తాను.

నా 160 సీసీ బండికి సర్వీసు తర్వాత వెనక చక్రం దగ్గర గుర్రుమని చప్పుడు మొదలైంది. కౌంటర్‌లో ఉన్న అతను నా మాట వినకుండా, "మేడం, ఇంట్లో సార్ ఉంటే పంపండి, ఆయనకి చెప్తాం" అన్నాడు. బండి నాది, రోజూ 34 కిలోమీటర్లు నడిపేది నేను. ఆ రోజు ఏడుపొచ్చినంత పనైంది. ఇంటికొచ్చి యూజర్ మాన్యువల్ తీసి చదివాను. చెయిన్ కింది వరసని మధ్యలో వేలితో పైకి కిందికి కదిపితే ఎన్ని మిల్లీమీటర్లు ఆడాలో అందులో ఉంది. స్కేలు పెట్టి కొలిస్తే నా చెయిన్ అందులో సగం కూడా ఆడట్లేదు. తీగలా బిగించేశారు. అంత బిగిస్తే చక్రం బేరింగ్ మీదా, గేర్‌బాక్స్ షాఫ్ట్ మీదా భారం పడుతుంది.

మర్నాడు మాన్యువల్‌లో ఆ పేజీ తెరిచి కౌంటర్ మీద పెట్టి, వాళ్ళ ముందే స్కేలుతో కొలిచి చూపించాను. ఇంకో మాట మాట్లాడకుండా సర్దారు. అప్పటికే అరిగిన బేరింగ్ వారంటీలో మార్చారు. అన్నా, మీరు కూడా మాన్యువల్ వెంట తీసుకెళ్ళండి. వాళ్ళ కంపెనీ అచ్చేసిన పుస్తకాన్ని వాళ్ళు కాదనలేరు.

రెండు స్ట్రోకుల రోజులు (మంగళవారం మధ్యాహ్నం)

ఈ సెన్సార్ల బళ్ళు వచ్చాకే ఈ ఖర్మ. మా రోజుల్లో కార్బరేటర్ విప్పి ఊదుకుంటే బండి నడిచేది.

ఆటోనగర్ పాతకాపు (మంగళవారం మధ్యాహ్నం)

అన్నగారూ, ఆ బళ్ళు నేనే విప్పాను కాబట్టి చెప్తున్నాను. స్పార్క్ పుట్టించే పాయింట్లు అరిగేవి, ప్లగ్ నల్లబడేది, 20 వేల కిలోమీటర్లకే బోరుకి (అరిగిన సిలిండర్‌ని మళ్ళీ తొలిచే పనికి) వచ్చేవి ఎన్నో చూశాను. ఈ రోజు బండి అంతకంటే గట్టిది. తేడా ఏమిటంటే అప్పుడు లోపం కంటికి కనపడేది, ఇప్పుడు వెతకడానికి ఓపిక కావాలి. స్కానర్ పెడితే అన్నీ చెప్తుందనుకుంటున్నారు కుర్రాళ్ళు. నలిగిన గొట్టానికి సెన్సార్ ఉండదు, స్కానర్ ఏమీ చెప్పదు.

కంపెనీలో జరిగే పొరపాట్లు కూడా లేకపోలేదు. 2021 మేలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇగ్నిషన్ కాయిల్ లోపం వల్ల 2,36,966 బళ్ళకి రీకాల్ ప్రకటించింది, అంటే సరిచేయడానికి వెనక్కి పిలిచింది. అది కూడా మిస్సింగ్ తెచ్చే లోపమే. ఆ కంపెనీ తనంతట తనే ఒప్పుకుని పిలిచింది, అది మెచ్చుకోవాలి. తమ్ముడూ, నీ ఛాసిస్ నంబర్‌తో కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్ ఏమైనా ఉందేమో ఒకసారి చూడు.

గోదావరి గట్టు (మంగళవారం సాయంత్రం)

నాది రాజమండ్రి. ఒక స్కూటర్ విషయంలో జిల్లా వినియోగదారుల కమిషన్ దాకా వెళ్ళి వచ్చినవాణ్ణి. లాయర్‌ని కాను, నేను నేర్చుకున్నది చెప్తాను.

ఇప్పుడు నడిచేది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. బండి ఎక్కడ కొన్నా, మీరు ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ళ లోపు వేయాలి. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు, నేనే వాదించుకున్నాను. అంతకంటే ముందు 1915 నంబర్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వాళ్ళు తీర్పు ఇవ్వరు, కానీ ఫిర్యాదు కంపెనీకి పంపిస్తారు. చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి.

అందరూ చేసే తప్పు ఒకటుంది. కోపంలో "తయారీ లోపం, బండే మార్చాలి" అని కేసు వేస్తారు. తయారీ లోపం అంటే నిపుణుల నివేదిక కావాలి, నిరూపించే భారం మనదే. నా కేసు మొదట అక్కడే చిక్కుకుంది. "సేవా లోపం" అయితే జాబ్ కార్డులే సాక్ష్యం. ఒకే ఫిర్యాదు నాలుగు కార్డుల మీద కనపడితే, లోపం సరిచేయలేదని వాళ్ళ కాగితాలే చెప్తాయి. మీ దగ్గర మీటర్ ఫోటో కూడా ఉంది, దాన్ని జాగ్రత్త చేయండి. ఫిర్యాదులో డీలర్‌నీ కంపెనీనీ ఇద్దరినీ చేర్చండి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు.

కల్తీ పెట్రోల్ అన్నారు కదా. ఏ పరీక్షలో తేలిందని మెయిల్‌లో అడగండి. నోటితో అడిగితే నోటితోనే పోతుంది. మీరు కొట్టించే బంకులో ఫిల్టర్ పేపర్ పరీక్ష (కాగితం మీద పెట్రోల్ చుక్క వేసి కల్తీ చూడటం) అడిగే హక్కు మీకుంది, డెన్సిటీ (పెట్రోల్ సాంద్రత) కూడా చూపించమనండి. బిల్లులు దాచుకున్నారా?

డాలస్ తెలుగు (మంగళవారం రాత్రి)

ఇక్కడ టెక్సస్‌లో లెమన్ లా అని ఉంది, మోటార్‌సైకిళ్ళకి కూడా వర్తిస్తుంది. కొత్త బండికి అదే లోపాన్ని పదే పదే సరిచేయలేకపోతే మార్చి ఇవ్వాలని లేదా డబ్బు వెనక్కివ్వాలని రాష్ట్ర మోటారు వాహనాల శాఖకే ఫిర్యాదు చేయొచ్చు. అయినా ఇక్కడ కూడా మొదట అడిగేది రిపేర్ ఆర్డర్ కాగితాలే. మన దగ్గరా అలాంటి చట్టం రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఖమ్మం రైడర్ (శనివారం మధ్యాహ్నం)

గురువుగారూ, మీ మాటే నిజమైంది.

ఈ ఉదయం ఫుల్ ట్యాంక్ కొట్టించి ఒక్కణ్ణే బయల్దేరాను. మా తమ్ముడు ఇంకో బండి మీద వెనకే వచ్చాడు. 38 నిమిషాలకి మిస్సింగ్ మొదలైంది. పూర్తిగా రోడ్డు కిందికి దింపి ఆపాను. తమ్ముడు వీడియో తీస్తుంటే మూత తెరిచాను. కుక్కర్ మూత తీసినంత చప్పుడు! సెల్ఫ్ నొక్కగానే ఒక్క దెబ్బకి స్టార్ట్ అయింది. చేతులు వణికాయి. మూడు నెలలుగా ఈ బండిని తిట్టుకుంటున్నాను.

మాన్యువల్ కూడా చూశాను, నా మోడల్‌కి ఎయిర్ ఫిల్టర్ ట్యాంకు కిందే ఉంది. రీకాల్ ఏమీ లేదు. సోమవారం షోరూంకి వెళ్తున్నాను.

సర్వీస్ డెస్క్ (శనివారం మధ్యాహ్నం)

వీడియో ముందుగా చూపించకండి. ముందు జాబ్ కార్డ్ రాయించండి, ట్యాంకు మీ ఎదురుగా ఎత్తాలని అందులోనే రాయించండి. సర్వీస్ మేనేజర్‌ని అడగండి, అడ్వైజర్‌ని కాదు. గొంతు పెంచకండి. గొంతు పెరిగితే మాట గొంతు మీదికి పోతుంది, గొట్టం మీద నుంచి తప్పిపోతుంది.

ఖమ్మం రైడర్ (సోమవారం రాత్రి)

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

"ట్యాంకు విప్పితే గంట పడుతుంది, మీరు బయట కూర్చోండి" అన్నారు. జాబ్ కార్డ్ చూపించి అక్కడే నిలబడ్డాను. సర్వీస్ మేనేజర్ వచ్చారు. టెక్నీషియన్ కుర్రాడు ట్యాంకు ఎత్తాడు. కుడిపక్క ట్యాంకు కూర్చునే రబ్బరుకీ ఫ్రేముకీ మధ్య గొట్టం చపాతీలా అణిగిపోయి ఉంది. మడత పడ్డ చోట తెల్లగా గీత కూడా పడింది. ఆ కుర్రాడే ముందు అన్నాడు, "సార్, ఇది మనదే" అని. అతని పేరు ఇక్కడ రాయను కానీ ఆ మాట అన్నందుకు అతని మీద గౌరవం కలిగింది.

మేనేజర్ మొదట "కంపెనీ నుంచే ఇలా వచ్చి ఉండొచ్చు" అన్నారు. మరి 6,800 దాకా ఎందుకు రాలేదని అడిగి, మూడో సర్వీసు జాబ్ కార్డులో "ఎయిర్ ఫిల్టర్ మార్చబడింది" అన్న వరస చూపించాను. తర్వాత మాట్లాడలేదు. గొట్టం సరిచేసి పెట్టేస్తామన్నారు.

ఆటోనగర్ పాతకాపు (సోమవారం రాత్రి)

సరిచేయడానికి ఒప్పుకున్నావా? ఒకసారి మడత పడ్డ రబ్బరు వేడికి మళ్ళీ అదే చోట మడుస్తుంది. కొత్తది వేయాల్సిందే. క్లిప్పు కూడా ఉండాలి, అది లేకే గొట్టం జారి ఉంటుంది.

ఖమ్మం రైడర్ (సోమవారం రాత్రి)

ఒప్పుకోలేదు గురువుగారూ. కొత్త గొట్టం ఆర్డర్ పెట్టించాను, వారంటీ క్లెయిమ్ నంబర్ తీసుకున్నాను. క్లిప్పు నిజంగానే లేదు! అది కూడా రాయించాను. కంపెనీ కస్టమర్ కేర్‌కి నాలుగు జాబ్ కార్డులూ, మీటర్ ఫోటోలూ, వీడియో జతచేసి మెయిల్ పెట్టాను. నేను కట్టిన 1,030 రూపాయలు వెనక్కి ఇవ్వాలనీ, ఫ్యూయల్ పంప్ పోయిందని ఏ పరీక్ష చేసి చెప్పారో తెలపాలనీ అడిగాను. 1915కి కూడా ఫోన్ చేశాను.

కూకట్‌పల్లి రైడర్ (మంగళవారం ఉదయం)

అన్నా, ఆ పంప్ ప్రశ్న వదలకండి. మీరు ఇక్కడ అడగకపోయి ఉంటే 7,800 పోసి కొత్త పంప్ వేయించుకునేవారు, బండి మళ్ళీ కూసుమంచి దగ్గర ఆగేది.

ఖమ్మం రైడర్ (మూడు వారాల తర్వాత)

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి, పూర్తిగా నమ్మకం కుదిరాక రాద్దామని ఆగాను.

కొత్త గొట్టం, క్లిప్పు పెట్టారు. 900 కిలోమీటర్లు దాటింది. ఫుల్ ట్యాంకుతో భద్రాచలం వెళ్ళి వచ్చాను, దారిలో టీకి తప్ప బండి ఆగలేదు. 1,030 రూపాయలు అకౌంట్‌లో వేశారు. కంపెనీ ఏరియా సర్వీస్ మేనేజర్ స్వయంగా ఫోన్ చేశారు. పంప్‌కి పరీక్ష ఏదీ చేయలేదని ఒప్పుకున్నారు, కానీ మెయిల్‌లో మాత్రం "కమ్యూనికేషన్ గ్యాప్" అని రాశారు. దానికి నేను ఒప్పుకోలేదని తిరిగి రాశాను, జవాబు రావాలి. గోదావరి గట్టు గారూ, ఆ జవాబు వచ్చాక మీ సలహా కావాలి.

మా ఆవిడ నిన్న సాయంత్రం ఊళ్ళో వరకూ వెనక ఎక్కింది. హైవే మీదకి ఇంకా రానంటోంది, నేను బలవంతపెట్టడం లేదు.

వచ్చే వారం నాలుగో సర్వీసు ఉంది. ట్యాంకు ఎత్తే పని పడితే ముందు నన్ను పిలవాలని ఫోన్‌లో బుకింగ్ చేసేటప్పుడే రాయించాను. గొట్టం ఇప్పుడు ఏ దారిలో వెళ్తోందో ఫోటో తీసి పెట్టుకున్నాను. ఇదే మోడల్ వాడేవాళ్ళకి కావాలంటే అడగండి, పంపిస్తాను.